మీ డొమైన్ పేరుకు బీమా ఉందా?

మనవాళ్ళు ఊళ్ళో ప్లాటు కొనేటప్పుడు ఎంత జాగ్రత్త పడతారో వేరే చెప్పక్కర్లేదు. లింకు డాక్యుమెంట్లు చూస్తారు, ఈసీ తీయిస్తారు, సర్వేయరును పిలిచి హద్దురాళ్ళు వేయిస్తారు. అంతటితో ఆగరు. సెలవుకు వెళ్ళిన ప్రతిసారీ ఎవరైనా గోడ కట్టేశారేమోనని ఒకసారి చూసి వస్తారు. అదే మనిషిని "మీ వెబ్‌సైటు పేరు ఎవరి పేరు మీద రిజిస్టరై ఉందండీ?" అని అడగండి. "మా తమ్ముడి ఫ్రెండు చూసుకుంటాడు" అనో, "సైటు చేసిన కుర్రాడి దగ్గరే ఉండాలి" అనో సమాధానం వస్తుంది.

దోహాలో సాఫ్ట్‌వేరు ఇంజనీరుగా పనిచేస్తున్నానని తెలిసిన మిత్రులు కంప్యూటరుకు సంబంధించిన ఏ సందేహం వచ్చినా నన్ను పట్టుకుంటారు. ఈ మధ్య ఏషియన్ టౌన్‌లో కార్గో వ్యాపారం చేసే ఒక అన్న అడిగిన ప్రశ్న మాత్రం కాస్త ఆలోచింపజేసింది. "కారుకు ఇన్సూరెన్స్ ఉంది, షాపుకు ఉంది, నాకు ఉంది. మరి నా వెబ్‌సైటు పేరుకు ఇన్సూరెన్స్ దొరుకుతుందా తమ్ముడూ?" అని. మంచి ప్రశ్న. దానికి ఒక్క ముక్కలో సమాధానం లేదు కాబట్టి ఈ వ్యాసం.

ఏషియన్ టౌన్ గురించి తెలియని వారికి రెండు మాటలు. ఇది దోహా శివార్లలో ఇండస్ట్రియల్ ఏరియా వైపు, లేబర్ సిటీని ఆనుకుని ఉంటుంది. క్రికెట్ స్టేడియం, సినిమా హాళ్ళు, ఆరుబయలు రంగస్థలం, వరుసగా దుకాణాలు ఉన్నాయి. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్పు సమయంలో కార్మికుల కోసం ఫ్యాన్ జోన్ పెట్టింది కూడా ఈ స్టేడియంలోనే. శుక్రవారం సాయంత్రం అక్కడ నడిస్తే నిజామాబాదు, జగిత్యాల, కడప, కోనసీమ యాసలన్నీ ఒకే చోట వినిపిస్తాయి. అక్కడి మనవాళ్ళ చిన్న చిన్న వ్యాపారాలకూ, క్రికెట్ జట్లకూ, సంఘాలకూ ఇప్పుడు సొంత వెబ్‌సైట్లు, సొంత పేరుతో ఇ-మెయిళ్ళు ఉన్నాయి. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉందన్నమాట.

ఇంతకీ డొమైను ఎవరిది?

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. డొమైను "కొన్నాను" అంటాం కానీ నిజానికి అది కొనుగోలు కాదు, కౌలు. డాట్ కామ్ పేరును ఒక ఏడాది నుంచి గరిష్టంగా 10 ఏళ్ళ వరకు తీసుకోవచ్చు. గడువులోగా కట్టినంత కాలం మీదే, కట్టడం ఆపితే పొలం మళ్ళీ ఊరిదే.

ఈ ఏర్పాటులో నలుగురు ఉంటారు. పేరు తీసుకున్న మనం రిజిస్ట్రెంట్లం. మనకు అమ్మిన దుకాణం రిజిస్ట్రార్. ఒక్కో రకం పేర్ల అసలు దస్త్రం ఉంచేది రిజిస్ట్రీ. డాట్ కామ్‌కు వెరిసైన్ కంపెనీ, డాట్ ఐఎన్‌కు మన నిక్సీ, ఇక్కడి డాట్ క్యూఏకు ఖతార్ కమ్యూనికేషన్స్ రెగ్యులేటరీ అథారిటీ ఆ పని చూస్తున్నాయి. డాట్ కామ్ లాంటి వాటికి నియమాలు రాసేది 1998లో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ. దేశాల పేరున ఉన్న డొమైన్లకు ఆయా దేశాల నియమాలే వర్తిస్తాయి.

ఇందులో మీరు గుర్తుపెట్టుకోవలసిన మాట ఒక్కటే. వెబ్‌సైటుకు డబ్బు ఎవరు ఇచ్చారు, లోగో ఎవరు గీయించారు, సైటు ఎవరు నడుపుతున్నారు అన్నవి ఆ దస్త్రానికి తెలియవు. రిజిస్ట్రెంటు అన్న గడిలో ఎవరి పేరు ఉందో వాళ్ళదే డొమైను. 2025 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన ఐకాన్ విధానం ప్రకారం ఆర్గనైజేషన్ అన్న గడి నింపి ఉంటే ఆ సంస్థనే హక్కుదారుగా లెక్కిస్తారు. కాబట్టి సంఘాల వాళ్ళు, కంపెనీల వాళ్ళు ఆ గడిలో ఏముందో ఒకసారి చూసుకోవడం మంచిది. అక్కడ సైటు చేసిన డెవలపరు కంపెనీ పేరు ఉంటే, ఆస్తి కాగితం మీద వాళ్ళదే అయి కూర్చుంటుంది.

ఒక క్రికెట్ జట్టు కథ

ఏషియన్ టౌన్‌లో ఆడే ఒక క్రికెట్ జట్టు నాకు తెలుసు. పేరు చెప్పను. జట్టులో కంప్యూటరు తెలిసిన ఒకాయన మంచి మనసుతో తన పేరు మీద, తన కార్డుతో డొమైను తీసుకుని సైటు పెట్టారు. స్కోర్లు, ఫోటోలు, టోర్నమెంటు రిజిస్ట్రేషన్లు అన్నీ అందులోనే. చందాల లెక్కలు కూడా ఆ డొమైను మీద ఉన్న ఇ-మెయిలుకే వచ్చేవి.

కొన్నేళ్ళకు ఆయన ఉద్యోగం మారి మరో దేశం వెళ్ళిపోయారు. ఇక్కడినుంచి వెళ్ళేటప్పుడు ఏం జరుగుతుందో గల్ఫులో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. రెసిడెన్సీ రద్దవుతుంది, బ్యాంకు ఖాతా మూసేస్తారు, దాంతో కార్డు పోతుంది. సిమ్ము పోతుంది. కంపెనీ ఇచ్చిన ఇ-మెయిలు చివరి రోజునే ఆగిపోతుంది. ఆయన రిజిస్ట్రార్ దగ్గర ఇచ్చిన మూడు వివరాలూ సరిగ్గా ఇవే. ఆటో రెన్యువల్ పెట్టే ఉంది, కానీ కార్డు లేదు. హెచ్చరిక మెయిళ్ళు వచ్చాయి, చదివేవాళ్ళు లేరు. లాగిన్ అవుదామంటే ఓటీపీ పోయిన సిమ్ముకు వెళ్తుంది.

ఒక రోజు సైటు తెరిస్తే జట్టు ఫోటోల బదులు ప్రకటనల పేజీ వచ్చింది. అదృష్టం బాగుండి పేరు ఇంకా వేరేవాళ్ళ చేతికి వెళ్ళలేదు. ఆయన అక్కడినుంచి పాస్‌పోర్టు కాపీ పంపి, రిజిస్ట్రారుతో రోజుల తరబడి మాట్లాడి, మామూలు రుసుముకు ఎన్నో రెట్లు కట్టి విడిపించారు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదని గమనించండి. దొంగ లేడు, హ్యాకరు లేడు. ఒక మంచివాడు దేశం మారాడు, అంతే. మన ప్రవాసుల డొమైన్లకు ఉన్న అతి పెద్ద ప్రమాదం ఇదేనని నా అభిప్రాయం.

గడువు దాటితే ఏమవుతుంది?

చాలామంది గడువు తేదీ మర్నాడే పేరు పోతుందనుకుంటారు. డాట్ కామ్ లాంటి వాటికి అలా కాదు, మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు: గడువు ముగియడానికి సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు మరోసారి, ముగిశాక 5 రోజుల్లో ఇంకోసారి రిజిస్ట్రారు మీకు తెలియజేయాలి. ఇది ఐకాన్ 2013లో తెచ్చిన నియమం. అయితే మీరు ఇచ్చిన ఇ-మెయిలుకు పంపితే వాళ్ళ బాధ్యత తీరినట్టే.

రెండో మెట్టు: గడువు ముగిశాక 45 రోజుల వరకు రిజిస్ట్రారు దగ్గర ఆ పేరు ఉండవచ్చు. ఈ సమయంలో సైటు, మెయిలు ఆగిపోతాయి. మామూలు రుసుముతో తిరిగి తీసుకునే వీలు చాలా చోట్ల ఉంటుంది. కానీ మంచి పేరైతే చాలామంది రిజిస్ట్రార్లు ఈలోపే వేలానికి పెడతారు. కాబట్టి 45 రోజులూ మీవే అనుకోకండి.

మూడో మెట్టు: రిజిస్ట్రారు పేరును తొలగించాక 30 రోజుల రిడెంప్షన్ గడువు. విడిపించుకోవచ్చు కానీ అపరాధ రుసుము గట్టిగా ఉంటుంది.

నాలుగో మెట్టు: 5 రోజుల పాటు ఎవరూ ఏమీ చేయలేరు. ఆ తర్వాత పేరు బజారులోకి వస్తుంది. దానికోసం కాచుకుని కూర్చున్న ప్రోగ్రాములు క్షణాల్లో పట్టుకుపోతాయి.

అలా పోయిన పేరు మీద జూదం సైటో, అంతకంటే అధ్వాన్నమైనదో వెలుస్తుంది. దానికంటే పెద్ద ముప్పు మరొకటి ఉంది. ఆ పేరుకు వచ్చే ఇ-మెయిళ్ళన్నీ ఇక కొత్త యజమానికి వెళ్తాయి. మీ బ్యాంకు, ఫేస్‌బుక్ పేజీ, క్లౌడు ఖాతా "పాస్‌వర్డు మరిచిపోయారా?" అని పంపే లింకులు కూడా అందులోనే వస్తాయి. పేరు పోవడం అంటే బోర్డు పోవడం కాదు, ఇంటి తాళాల గుత్తి పోవడం.

ఈ మరపు చిన్నవాళ్ళకే పరిమితం అనుకోకండి. 1999 క్రిస్మస్ సమయంలో మైక్రోసాఫ్ట్ వాళ్ళు పాస్‌పోర్ట్.కామ్ రెన్యువల్ మరిచిపోతే హాట్‌మెయిల్ వాడకందార్లు చాలామంది లాగిన్ కాలేకపోయారు. మైకేల్ చేనీ అనే లినక్సు ప్రోగ్రామరు తన జేబులోంచి 35 డాలర్లు కట్టి దాన్ని నిలబెట్టాడు. 2015 సెప్టెంబరులో అయితే సన్మయ్ వేద్ అనే మన భారతీయుడు, గూగుల్ మాజీ ఉద్యోగి, గూగుల్.కామ్ అమ్మకానికి ఉన్నట్టు చూసి 12 డాలర్లకు కొనేశాడు! నిమిషం పాటు ఆయన చేతిలో ఉంది. గూగుల్ ఆ కొనుగోలును రద్దు చేసి, ఆయనకు 6,006.13 డాలర్ల బహుమానం ప్రకటించింది. ఆయన దాన్ని ధర్మానికి ఇవ్వమంటే రెట్టింపు చేసింది.

దోహా చూసిన రెండు దొంగతనాలు

ఇక అసలు దొంగల సంగతికి వద్దాం. ఉదాహరణల కోసం దూరం వెళ్ళక్కర్లేదు.

2003 మార్చిలో ఇరాక్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, దోహా కేంద్రంగా పనిచేసే అల్ జజీరా వెబ్‌సైటు తెరిచినవారికి వార్తల బదులు అమెరికా జెండా కనిపించింది. అల్ జజీరా సర్వర్లను ఎవరూ ముట్టుకోలేదు. కాలిఫోర్నియాలోని ఒక వెబ్ డిజైనరు తానే ఆ సంస్థ సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటరునని దొంగ గుర్తింపు కార్డు తయారుచేసి, సంతకం ఫోర్జరీ చేసి, రిజిస్ట్రారుకు ఫ్యాక్సు పంపాడు. వాళ్ళు నమ్మి ఖాతా పాస్‌వర్డు మార్చి ఇచ్చారు. దాంతో సైటుతో పాటు ఆ పేరుకు వచ్చే ఇ-మెయిళ్ళు కూడా అతని చేతికి చిక్కాయి. తర్వాత నేరం ఒప్పుకున్నాడు. కోర్టు ప్రొబేషనుతో పాటు 1,000 గంటల సామాజిక సేవ విధించింది. ఇంటికి ఎంత గట్టి తాళం వేసినా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దొంగ సంతకం చెల్లితే ఏం లాభం?

రెండోది 2013 అక్టోబరులో జరిగింది. సిరియన్ ఎలక్ట్రానిక్ ఆర్మీ అని చెప్పుకునే హ్యాకర్ల ముఠా ఏకంగా డాట్ క్యూఏ డొమైన్ల రిజిస్ట్రీ వ్యవస్థలోకే చొరబడింది. గూగుల్, ఫేస్‌బుక్, వొడాఫోన్‌ల ఖతార్ చిరునామాలూ, కొన్ని ప్రభుత్వ శాఖల సైట్లూ ఒకేసారి దారి తప్పాయి. అంతకు రెండు నెలల ముందు, 2013 ఆగస్టులో, ఇదే ముఠా ఆస్ట్రేలియాలోని ఒక రిజిస్ట్రారుకు చెందిన రీసెల్లరు ఖాతా ద్వారా న్యూయార్క్ టైమ్స్ సైటును పక్కదారి పట్టించింది. ఈ రెండు సంఘటనల్లోనూ బాధితుల సర్వర్లలో లోపం లేదు. పైమెట్టు మీద దెబ్బ తగిలింది.

2018లో సిస్కో భద్రతా పరిశోధకులు లెబనాను, ఎమిరేట్స్ సంస్థల మీద ఇటువంటి దాడులనే బయటపెట్టారు. వీటి తీవ్రత చూసే 2019 ఫిబ్రవరిలో ఐకాన్ అందరూ డీఎన్ఎస్‌సెక్ పెట్టుకోవాలని పిలుపునిచ్చింది. డీఎన్ఎస్‌సెక్ అంటే డొమైను సమాధానాల మీద వేసే డిజిటల్ ముద్ర. దారిలో ఎవరైనా సమాధానం మారిస్తే ముద్ర చెదిరిపోతుంది. అయితే మీ రిజిస్ట్రార్ ఖాతానే దొంగ చేతికి వెళితే ముద్ర కూడా అతని చేతిలోనే ఉంటుంది. కాబట్టి ఖాతా భద్రతే మొదటిది.

దుకాణమే మునిగిపోతే? అదీ జరిగింది. 2007లో రిజిస్టర్‌ఫ్లై అనే రిజిస్ట్రారు కుప్పకూలింది. లక్షల పేర్లు చిక్కుల్లో పడ్డాయి. ఐకాన్ దాని గుర్తింపు రద్దు చేసి, పేర్లను గోడాడీకి బదిలీ చేయించింది. ఆ అనుభవం తర్వాతే రిజిస్ట్రార్లందరూ తమ ఖాతాదారుల వివరాల నకలును మూడో సంస్థ దగ్గర భద్రపరచే ఏర్పాటు గట్టిపడింది. ఇది మనందరికీ తెలియకుండానే ఉన్న ఒక బీమా.

కోర్టుకు వెళితే?

పేరు పోయాక న్యాయం దొరుకుతుందా? దొరుకుతుంది, కానీ ఆలస్యంగా. పేరు చెప్పడానికి మనం కాస్త మొహమాటపడే ఒక డాట్ కామ్ పేరును గ్యారీ క్రెమెన్ 1994లో రిజిస్టరు చేశాడు. 1995లో ఒక మోసగాడు దొంగ ఉత్తరంతో దాన్ని కాజేశాడు. తిరిగి చేతికి వచ్చేసరికి 2000 సంవత్సరం. కోర్టు 6.5 కోట్ల డాలర్ల పరిహారం ఇమ్మంది, మోసగాడు దేశం దాటి పారిపోయాడు. 2003లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ కోర్టు మాత్రం ఒక మంచి మాట తేల్చింది: డొమైను పేరు కూడా ఆస్తే, దాన్ని అన్యాయంగా ఇతరులకు అప్పగిస్తే రిజిస్ట్రారు కూడా జవాబు చెప్పాలి అని.

మన తెలుగు కంపెనీలకూ ఈ చరిత్రలో చోటుంది. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ లాబొరేటరీస్ పేరును పోలిన డొమైనును వేరొకరు రిజిస్టరు చేసుకుంటే, 2001లో ఢిల్లీ హైకోర్టు కంపెనీ పక్షాన నిలిచింది. అంతకంటే ముఖ్యమైనది సత్యం ఇన్ఫోవే కేసు. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ సంస్థ పెట్టిన ఈ కంపెనీ 1999 నుంచి సిఫీ అన్న పేరుతో డొమైన్లు వాడుతోంది. 2001లో మరొక సంస్థ ఇంచుమించు అదే ఉచ్చారణ వచ్చే పేర్లు తీసుకుంది. కింది కోర్టు సత్యం పక్షాన, కర్ణాటక హైకోర్టు అవతలివారి పక్షాన తీర్పులిచ్చాయి. చివరికి 2004 మే 6న సుప్రీం కోర్టు సత్యం పక్షాన తేల్చింది. భారతదేశంలో డొమైన్ల కోసం ప్రత్యేక చట్టం లేకపోయినా ట్రేడ్‌మార్కు సూత్రాలు వాటికీ వర్తిస్తాయని చెప్పిన తీర్పు ఇదే.

కోర్టు కాకుండా యూడీఆర్పీ అనే మధ్యవర్తిత్వ మార్గం 1999 నుంచి ఉంది. జెనీవాలోని వైపో సంస్థ దగ్గర 5 పేర్ల వరకు, ఒక మధ్యవర్తితో అయితే రుసుము 1,500 డాలర్లు. మూడు విషయాలు రుజువు చేయాలి: ఆ పేరు మీ ట్రేడ్‌మార్కును పోలి ఉందని, అవతలివారికి దాని మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో తీసుకుని వాడుతున్నారని. గెలిస్తే పేరు మీకు బదిలీ అవుతుంది లేదా రద్దవుతుంది. నష్టపరిహారం రాదు. ట్రేడ్‌మార్కు లేని చిన్న సంఘానికి, రెన్యువల్ మరిచిపోయిన వ్యాపారికి ఈ దారి అంతగా పనికిరాదు. డాట్ ఐఎన్ పేర్లకు నిక్సీ నడిపే ఇటువంటి విధానమే విడిగా ఉంది.

మరి బీమా సంగతి?

ఇప్పుడు కార్గో అన్న ప్రశ్నకు వద్దాం. వాహనానికి ఉన్నట్టు డొమైనుకు విడిగా పాలసీ ఇవ్వడానికి బీమా కంపెనీలు వెనకాడటానికి గట్టి కారణాలే ఉన్నాయి.

మొదటిది వెల కట్టడం. ఏడాదికి 10, 20 డాలర్లు కట్టే పేరు విలువ ఎంత? ఏషియన్ టౌన్ కార్గో షాపుకు ఆ పేరు మీద పదేళ్ళ ఖాతాదారులు ఉండవచ్చు. కానీ బజారులో అమ్మితే ఎవరూ కొనకపోవచ్చు. రెండోది హక్కు. మీ పేరు మీద లేని ఇంటికి మీరు బీమా చేయించలేరు. రికార్డులో డెవలపరు పేరు ఉంటే అసలు క్లెయిము అడిగే అర్హతే ప్రశ్నార్థకం. మూడోది నిర్లక్ష్యం. డొమైన్లు ఎక్కువగా పోయేది యజమాని మరపు వల్ల. మరపుకు బీమా ఇస్తే ఇక ఎవరూ గుర్తుపెట్టుకోరు!

దీనికి దగ్గరగా ఉన్నవి రెండు. ఒకటి, రిజిస్ట్రార్లు అమ్మే ప్రొటెక్షన్ ప్లాన్లు. కార్డు పనిచేయకపోయినా పేరును కొంతకాలం ఆపి ఉంచడం, బదిలీకి అదనపు అనుమతి అడగడం వంటివి వాటిలో ఉంటాయి. ఇవి సేవలు, బీమా కాదు. పేరు పోతే డబ్బు రాదు.

రెండోది సైబర్ ఇన్సూరెన్స్. ఇది నిజమైన బీమా. సాధారణంగా దాడి జరిగాక దర్యాప్తు ఖర్చు, డేటా పునరుద్ధరణ, లాయర్ల ఖర్చు, వ్యాపారం ఆగిన రోజుల నష్టం, ఖాతాదారుల వివరాలు బయటపడితే వచ్చే బాధ్యత వంటివి ఇందులోకి వస్తాయి. మన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది, వ్యక్తులకు ఇచ్చే సైబర్ పాలసీలు ఎలా ఉండాలో 2021 సెప్టెంబరులో ఒక మార్గదర్శక పత్రం ఇచ్చింది. ఖతార్‌లో బీమా కంపెనీలను సెంట్రల్ బ్యాంకు నియంత్రిస్తుంది.

పాలసీ తీసుకునే ముందు ఏజెంటును ఈ ప్రశ్నలు అడగండి. సమాధానం నోటిమాటగా కాకుండా పాలసీ కాగితంలో చూపించమనండి.

1. నా సర్వరులో కాకుండా రిజిస్ట్రార్ దగ్గర దాడి జరిగి డొమైను దారి మళ్ళితే, అది పాలసీ కిందికి వస్తుందా?
2. ఎవరో నా పేరుతో మోసగించి పేరు బదిలీ చేయించుకుంటే, దాన్ని తిరిగి తెచ్చుకునే లాయరు ఖర్చు, యూడీఆర్పీ రుసుము ఇస్తారా? ఎంతవరకు?
3. వ్యాపారం ఆగిన నష్టం ఎన్ని గంటల తర్వాత లెక్కలోకి వస్తుంది?
4. డొమైను అసలు విలువ తగ్గితే పరిహారం ఉందా? చాలా పాలసీల్లో ఇటువంటివి మినహాయింపుల జాబితాలో ఉంటాయి.
5. ఇండియాలో తీసుకున్న పాలసీ ఖతార్‌లో ఉన్న వ్యాపారానికి చెల్లుతుందా?
6. టూ ఫ్యాక్టర్ లేకపోతే క్లెయిము తిరస్కరిస్తారా?

పెద్ద వ్యాపారానికి ఈ పాలసీ మంచిదే. కానీ ఏ పాలసీ అయినా డబ్బు ఇస్తుంది గానీ పేరును తెచ్చి ఇవ్వదు. అందుకే అసలు బీమా మన చేతుల్లోనే ఉంది.

మన చేతిలో ఉన్న బీమా

హక్కు: రిజిస్ట్రెంటు పేరు, సంస్థ పేరు సరిచూసుకోండి. సంఘానిదైతే సంఘం పేరు ఉండాలి. సైటు చేసేవారితో రాతపూర్వకంగా "డొమైను మాది" అన్న వాక్యం రాయించుకోండి.

మెయిలు: ఖాతాకు ఇచ్చే ఇ-మెయిలు కంపెనీది కాకూడదు. అదే డొమైను మీద ఉన్న మెయిలు అసలే కాకూడదు. డొమైను పోతే మెయిలూ పోతుంది, ఇక తాళంచెవి పెట్టె లోపలే ఉండిపోయినట్టు.

ఫోను: ఎసెమ్మెస్ ఓటీపీ బదులు ఆథెంటికేటరు యాప్ వాడండి, రికవరీ కోడ్లు కాగితం మీద అచ్చు తీసి దాచండి. ఖతార్ నంబరు మీరు వెళ్ళిపోయాక మరొకరికి ఇవ్వవచ్చు.

గడువు: ముఖ్యమైన పేరును ఒక్కసారే అయిదేళ్ళకో పదేళ్ళకో కట్టేయండి. ఆటో రెన్యువల్ పెట్టి, రెండో కార్డు కూడా ఇవ్వండి. ఇద్దరి క్యాలెండర్లలో తేదీ రాసుకోండి.

తాళం: రిజిస్ట్రార్ ఖాతాలో ట్రాన్స్‌ఫర్ లాక్ వేసి ఉందో లేదో చూడండి. ఇది సాధారణంగా ఉచితం. పెద్ద వ్యాపారమైతే రిజిస్ట్రీ లాక్ కూడా ఉంది. దానిలో మార్పు చేయాలంటే మనిషి ఫోను చేసి నిర్ధారించుకోవాలి.

రుజువులు: మొదటి రసీదు, ప్రతి ఏడాది రసీదులు, పాత మెయిళ్ళు, సైటు స్క్రీన్‌షాట్లు ఒక ఫైల్లో పెట్టండి. వివాదం వస్తే పనికొచ్చేవి ఇవే. బీమా క్లెయిముకూ ఇవే అడుగుతారు.

వారసుడు: ఈ మాట రాయడం కష్టంగానే ఉంది కానీ రాయక తప్పదు. డొమైను ఒక్క మనిషి పేరు మీద ఉండి, ఆ మనిషికి ఏదైనా అయితే, కుటుంబానికి దాని సంగతే తెలియదు. దుఃఖంలో ఉన్న ఇల్లాలిని పాస్‌వర్డు అడగడానికి ఏ సంఘానికీ నోరు రాదు. కనీసం ఇద్దరి దగ్గర ప్రవేశం ఉండాలి.

పాత పేరు: కొత్త డొమైనుకు మారినా పాతది వెంటనే వదలకండి. కొన్నేళ్ళపాటు కట్టి ఉంచండి. మీ పాత ఉత్తరాలు ఇంకా అటే వెళ్తుంటాయి.

గల్ఫ్ నుంచి శాశ్వతంగా వెళ్ళేవారికి ఒక ప్రత్యేక మనవి. సామాను కార్గోలో వేసేటప్పుడు ఒక కాగితం తీసుకుని మీ చేతిలో ఉన్న డొమైన్లన్నీ రాయండి. సంఘానివి సంఘానికి అప్పగించండి. మీవైతే మెయిలు, ఫోను, కార్డు మూడూ మార్చిన తర్వాతే సిమ్ము వదలండి.

పేరు చదవడం కూడా భద్రతే

మన పేరు పోవడం ఒకటి, మన పేరును పోలిన పేరుతో మోసం జరగడం ఇంకొకటి. గల్ఫ్ ఉద్యోగాల పేరిట నకిలీ సైట్లు పెట్టి ఊళ్ళల్లో కుర్రాళ్ళ దగ్గర డబ్బు గుంజేవాళ్ళు ఉన్నారు. ఏషియన్ టౌన్‌లో కలిసే తమ్ముళ్ళలో ఎంతోమంది ఆ భయంతోనే ఊరి నుంచి వచ్చిన లింకులు చూపిస్తుంటారు.

వాళ్ళకు నేను చెప్పే సూత్రం ఒక్కటే. డొమైనును కుడి నుంచి ఎడమకు చదవాలి. మొదటి ఏటవాలు గీత ముందు చివర ఉన్న ముక్కలే అసలు యజమాని. భారత ప్రభుత్వ ఇ-మైగ్రేట్ సైటు డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తుంది. మధ్యలో గవ్ అని ఉండి చివర డాట్ కామో, డాట్ ఆన్‌లైనో ఉంటే అది ప్రభుత్వానిది కాదు. మనం ఉత్తరం మీద చిరునామా రాసినట్టే, ఊరు, జిల్లా చివరన ఉంటాయి. మొదట్లో ఎంత గొప్ప పేరు రాసినా ఉత్తరం చేరేది చివర రాసిన ఊరికే. ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవారు ఇండియాలో ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

మీ సంఘం పేరుతో ఎవరైనా ఇటువంటి సైటు పెడితే మీ అసలు డొమైను మీ చేతిలో ఉండటం ఎంత అవసరమో ఆలోచించండి. "మా సైటు ఇది, అది కాదు" అని చెప్పుకోవడానికి కూడా మనకు ఒక చిరునామా మిగలాలి కదా!

వచ్చే శుక్రవారం ఒక్క అరగంట దీనికి కేటాయించండి. ఐకాన్ వారి లుకప్ పేజీలో మీ పేరు కొట్టి గడువు తేదీ, తాళం స్థితి చూడండి. తర్వాత ఖాతాలోకి వెళ్ళి పేరు, మెయిలు, ఫోను, కార్డు సరిచూడండి. ఖాతాలోకి వెళ్ళలేకపోతే అది ఈ రోజే తెలియడం మంచిది. గడువుకు ఇంకా సమయం ఉన్నప్పుడు రిజిస్ట్రారు ఓపిగ్గా వింటాడు, ముగిశాక బిల్లు చూపించి మాట్లాడతాడు. సందేహాలుంటే సంఘం చిరునామాకు రాయండి, తెలిసినంత వరకు తప్పకుండా సమాధానం ఇస్తాను.